జల్లెడ పట్టని గాలి

కారు నెత్తిన పడ్డ మంచును పూలచీపురుతో ఊడ్చే మనిషిని నా జన్మలో ఒక్కావిడనే చూశాను. పొద్దున్నే ఐర్లండులోని మా ఆడమ్స్‌టౌన్ వీధంతా ప్లాస్టిక్ బిళ్ళలు పట్టుకుని కార్ల అద్దాలు బరబరా గీకుతుంటే, ఆవిడ డిక్కీలోంచి చీపురు తీసి, పండగపూట వాకిలి ఊడ్చినంత శ్రద్ధగా కారు పైభాగం ఊడ్చేది. ఆ కారుకు పైన రేకు లేదు మరి. మడిచి వెనక్కి తోసే నల్లటి బట్ట. బట్టను గీకితే చిరుగుతుంది.

ఆవిడ పోయిందని మా కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు ముందు ఎవరికీ అర్థం కాలేదు. పేరు రాశారు, ఇంటి నంబరు రాశారు. "ఎవరండీ ఈవిడ?" అని ఒకరు. "మన వీధేనా?" అని ఇంకొకరు. చివరికి ఎవరో "అదేనండీ, బట్టకారు ఆంటీ" అని రాస్తే, అప్పుడు వరసగా దణ్ణాలు పెట్టే బొమ్మలు మొదలయ్యాయి. చేతులు జోడించిన వాళ్ళలో ముప్పాతిక మంది ఆవిడ కారు చూసి నవ్వినవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు కడిగేద్దామని టైపు చేయడం కూడా మొదలుపెట్టాను. అందరికంటే ముందు నవ్విందాన్ని నేనేనని గుర్తొచ్చి చెరిపేశాను.

ఆవిడ పేరు నేనిక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ కారు పేరుతోనే చలామణీ అయింది, అదే ఉండనీ.

మా స్నేహం ఇష్టపడి కుదిరింది కాదు, గతిలేక కుదిరింది. బ్లాంచర్డ్స్‌టౌన్ అవతల ఒక మందుల ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చింది. పొద్దున ఏడింటికి షిఫ్టు. మా ఆయన ఆఫీసు లెపర్డ్స్‌టౌన్‌లో. నాది ఒక దిక్కు, ఆయనది ఇంకో దిక్కు. ఉన్నది ఒక్క కారు, పైగా నాకు డ్రైవింగ్ రాదు. ఆ వేళప్పుడు బస్సును నమ్ముకోవడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే. "ఆ ఫ్యాక్టరీలోనే వరంగల్ వైపు ఆంటీ ఒకావిడ పనిచేస్తుంది, అడిగి చూడు" అన్నారు పక్కింటివాళ్ళు. వెళ్ళి అడిగితే "రా బిడ్డా, దానికేంది" అంది. ఎంత మంచావిడో అనుకుంటూ ఇంటికొచ్చాను. కారు చూడలేదు అప్పటికి.

నవంబరు నెల. పొద్దున ఆరు. చీకటి ఇంకా గడ్డకట్టుకునే ఉంది. నేను తలకు నూనె రాసి, నున్నగా దువ్వి, పల్చటి జాకెట్ ఒకటి వేసుకుని వెళ్ళాను. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏందే గుంటూరు పిల్లా, టోపీ లేదా?"

"కారులో హీటర్ ఉంటుందిగా ఆంటీ."

"హీటర్ ఉంటది. కప్పే ఉండదు."

పరాచికాలాడుతోంది అనుకున్నాను. ఆవిడ చంకలోంచి వేణ్ణీళ్ళ రబ్బరు సంచి తీసి, కారు వెనక ప్లాస్టిక్ అద్దానికి ఆనించి పట్టుకుని నిలబడింది. నెలల పిల్ల పొట్ట మీద చెయ్యి వేసినట్టు, మెత్తగా. ఏం చేస్తున్నారంటే, "కాపడం పెడుతున్న. సలికి ఇది పెళుసైతది. గట్లనే మడిస్తె పలుగుతది" అంది. అయిదు నిమిషాలు అట్లా కాపడం పెట్టి, లోపల కూర్చుని, ముందు అద్దం దగ్గర రెండు కొక్కేలు ఊడదీసి, ఒక్క విసురుతో కప్పంతా వెనక్కి తోసేసింది. నా నెత్తిన ఆకాశం! అయ్యబాబోయ్, నక్షత్రాలు కూడా కనిపిస్తున్నాయి. వేణ్ణీళ్ళ సంచి నా ఒళ్ళో పడేసి "ఇది పట్టుకో, ఏం గాదు" అని కారు పోనిచ్చింది.

ఎం ఫిఫ్టీ అనే పెద్ద రోడ్డెక్కేసరికి నా చెవులు ఉన్నాయో ఊడాయో తెలియలేదు. కాళ్ళ దగ్గర హీటర్ నిప్పులు కక్కుతోంది, నెత్తిమీద మంచు కోస్తోంది. కింద వేసవి, పైన చలికాలం, మధ్యలో నేను. ఫ్యాక్టరీ దగ్గర దిగేసరికి నున్నగా దువ్విన జుట్టు పిచ్చుకగూడైంది. సాయంత్రం మా ఆయన పడీపడీ నవ్వాడు. "రేపు కూడా ఐస్‌క్రీం బండిలోనేనా?" అన్నాడు. రేపూ అందులోనే, ఎల్లుండీ అందులోనే. గతిలేదని చెప్పానుగా.

ఆవిడకున్న నియమం ఒక్కటే. వాన పడకపోతే కప్పు తీయాల్సిందే. రెండు డిగ్రీలు కానీ, సున్నా కానీ. సన్నటి తుంపర పడుతున్నా తీసేది. "పోతున్నంతసేపు వాన మనమీద పడదు బిడ్డా, మీదికెళ్ళి పోతది. ఆగితేనే తడుస్తం" అనేది. అది నిజమే, వేగంగా వెళ్తే చినుకులు నెత్తి మీదుగా వెనక్కి ఎగిరిపోయేవి. ఒకసారి ముందెక్కడో యాక్సిడెంటై రోడ్డంతా ఆగిపోయింది. ఆవిడ సిద్ధాంతం సాక్షిగా ఇద్దరం తడిసి ముద్దయ్యాం. నేను తిట్టుకుంటుంటే ఆవిడ చెంపల మీద నీళ్ళు తుడుచుకుంటూ "చెప్పిన గద, ఆగితే తడుస్తమని" అంటుంది. అందులో తన తప్పేమీ లేనట్టు!

ఎందుకండీ ఈ పిచ్చి అని అందరూ అడిగేవాళ్ళు. అందరికీ జవాబుండేది, ఏ ఇద్దరికీ ఒకటే జవాబు ఉండేది కాదు. శనివారం భజనకొచ్చే ఆవిడతో "జీపీ డాక్టరు నాకు డి విటమిన్ తక్కువున్నదన్నడు" అని చెప్పింది. పక్కింటి ఐరిష్ ముసలాయనతో, మా ఊళ్ళో ఎండలు విపరీతం, అక్కడికి వెళ్ళేలోగా చలి దాచుకుంటున్నానని చెప్పింది. ఆయన చాలా సబబైన మాటేనన్నట్టు తలాడించాడు. వీధిలో పిల్లలతో "నెత్తిమీద విమానాలు దిగుతుంటయి, చూస్తందుకు" అంది. ఎవరికి ఏది చెబితే వాళ్ళ మనసు నెమ్మదిస్తుందో అది చెప్పేది. అబద్ధమాడుతున్నానన్న బెరుకు మొహంలో వీసమెత్తు కనిపించేది కాదు.

నాకు చెప్పిన జవాబు వేరు. దానికి ముందు మా పని ఏమిటో చెప్పాలి.

మేం పనిచేసేది సూదిమందులు నింపే గదిలో. అందులోకి వెళ్ళాలంటే తలకు టోపీ, దాని మీద ముసుగు, మూతికి మాస్కు, కళ్ళకు అద్దాలు, ఒళ్ళంతా తెల్లటి తొడుగు, చేతులకు రెండేసి గ్లవ్స్. ఒక తలుపు మూసుకుంటే గానీ ఇంకో తలుపు తెరుచుకోదు. కిటికీలుండవు. గాలి కూడా పైనుంచి వడకట్టుకుని కిందికి దిగుతుంది. ఆ గాలి చెదరకూడదని మేం పెళ్ళికూతుళ్ళలా మెల్లగా నడవాలి, మెల్లగా చేతులు కదపాలి. ముక్కు దురద పెడితే ఓర్చుకోవడమే. బొట్టు కూడా పనికిరాదు. అందుకని ఆవిడ రోజూ కారు దిగే ముందు నుదుటి మీది స్టిక్కరు తీసి, ఎదుటి చిన్నద్దం చుట్టూ అంటించేది. సాయంత్రానికి మరిచిపోయి మర్నాడు కొత్తది పెట్టుకునేది. ఆ అద్దం చుట్టూ మెరూన్ రంగు బొట్లు తోరణం కట్టినట్టుండేవి. పొద్దున చీకట్లో లోపలికి వెళ్ళి సాయంత్రం చీకట్లో బయటికి వచ్చేవాళ్ళం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సెలవు రోజుల్లో తప్ప పగలు చూసింది లేదు.

"గా గాలి గాలేనా బిడ్డా?" అంది ఒకరోజు. "జల్లెడ పట్టిన గాలి. పన్నెండు గంటలు అదే పీల్చి, మళ్ళ డబ్బా అసొంటి కారుల కూసోని, డబ్బా అసొంటి ఇంటికి పోవాల్నా? నా నెత్తికి జర అసలు గాలి తగలొద్దా?"

నాకు చెప్పిందే అసలు కారణమని చాలాకాలం మురిసిపోయాను. ఇప్పుడాలోచిస్తే, అది కూడా నాకోసం ఎంచి తీసిన జవాబేనేమో తెలియదు. ఆ గదిలో నాకూ ఊపిరాడదని ఆవిడకు తెలుసు.

సొంత సంగతులు చెప్పేది కాదు. అంకుల్ ఏం చేస్తారని ఒకసారి అడిగితే "ఉన్నడు, హన్మకొండల" అని గేరు మార్చింది. అంతే. కూతురు గాల్వేలో టీచరని మాత్రం పదిసార్లు చెప్పింది.

ఒకనాడు ఎవరో ఆకతాయిలు కప్పును కత్తితో కోసి లోపల చెయ్యి పెట్టారు. వద్దని ఆవిడ చెబుతుంటే వినకుండా నేనే గార్డులకు ఫోన్ చేశాను. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటాం. కుర్ర గార్డు ఒకడు వచ్చి ఏం పోయిందని అడిగాడు. స్టీలు టిఫిన్ డబ్బా, అందులో నిమ్మకాయ పులిహోర అని చెప్పింది. అతను రాసుకుని, పోనీలెండి, వాడి భోజనమైనా గ్రాండ్‌గా అయుంటుంది అన్నాడు. అద్దం చుట్టూ ఉన్న బొట్ల మీద టార్చి వేసి అవేమిటన్నాడు. నా హాజరుపట్టీ అంది ఆవిడ, మొహం ఏమాత్రం మారకుండా. అతను వెళ్ళాక దబ్బనం తెచ్చి, చీర ఫాల్ ముక్క అడుగున వేసి కప్పు కుట్టేసింది. ఆ రోజునుంచి కారుకు తాళం వేయడం మానేసింది. "కోసుడెందుకు, తలుపు తీసుకొని తీస్కపొమ్మను. కప్పు మాత్రం పాడుచెయ్యొద్దు" అని.

ఇక ఆ సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని రెండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

నాకు నెల తప్పింది. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదంటారు మనవాళ్ళు. నోరు కుట్టేసుకుని కూర్చున్నాం. నిండాక గుంటూరులో మావాళ్ళకు, బాపట్లలో అత్తగారివాళ్ళకు, ఇక్కడి స్నేహితులకు, అందరికీ చెప్పాం. చెప్పిన వారానికే పోయింది. చెప్పిన ప్రతి మనిషికీ మళ్ళీ ఫోన్ చేసి, పోయిందని చెప్పుకోవడం ఎలా ఉంటుందో పగవాళ్ళకు కూడా తెలియకూడదు. "మళ్ళీ అవుతుందిలే, వయసేం మించిపోయింది" అన్నారు అందరూ. అందరిదీ ప్రేమే. నేను ఏడవలేదు. ఏడిస్తే మా ఆయన కూడా ఏడుస్తాడని, పల్చటి గోడకవతల పక్కింటివాళ్ళు వింటారని. రెండు వారాలాగి పనిలోకి వచ్చాను.

మూడు రోజులు ఆవిడ మామూలుగానే ఎక్కించుకుని తీసుకెళ్ళింది. నాలుగో రోజు పావుగంట ముందే వచ్చి హారన్ కొట్టింది. ఎం ఫిఫ్టీ మీదికి ఎక్కాక నా వైపు తిరిగి ఏదో అరిచింది. ఆ కారులో గుసగుసలు కుదరవు, గాలి హోరుకు ఏ మాటైనా అరిచే చెప్పుకోవాలి.

"ఏంటి ఆంటీ?"

"ఒర్లు!"

"ఏంటి?"

"ఒర్లు బిడ్డా, ఒర్లు! ఇంట్ల ఏడిస్తె గోడలకు చెవులుంటయి. ఈడ ఎవ్వలు ఇనరు!"

నేను బిత్తరపోయి చూస్తుండగానే ఆవిడ స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, మెడ ఎత్తి, గొంతు చించుకుని ఒక్క అరుపు అరిచింది. యాభైయేళ్ళు దాటిన మనిషి! అంత చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడిదో! నాకు నవ్వొచ్చింది ముందు. నవ్వుతూ నోరు తెరిచిన దాన్ని, తెరిచిన నోట్లోంచి వేరేది వచ్చింది. ఆ తర్వాత నా అదుపులో ఏమీ లేదు. మా పక్కనున్న లూకన్ నుంచి బ్లాంచర్డ్స్‌టౌన్ దాకా ఏడ్చాను, అరిచాను, దేవుణ్ణి తిట్టాను, పేరు కూడా పెట్టని బిడ్డను పిలిచాను. పక్కన లారీ అతను కిందికి చూసి ఏమనుకున్నాడో, వేగం తగ్గించి మా వెనక్కి వెళ్ళిపోయాడు.

ఫ్యాక్టరీ ముందు కారాపి, తడిగుడ్డ ఇచ్చింది. "మొఖం తుడుసుకో. లోపల మాస్కు పెట్టుకుంటె ఎవ్వలకు తెల్వది" అంది.

"మీరెందుకు అరిచారు ఆంటీ?" అని అడిగాను, ఎక్కిళ్ళ మధ్య.

"తోడుకు. ఒక్కదానివే ఒర్లితె సిగ్గైతది గద."

ఆవిడ నాకు చుట్టం కాదు, మా ఊరు కాదు, మా మాట కూడా కాదు. ఆ పొద్దుటి తర్వాత నాకు ఆవిడ ఏమవుతుందంటే చెప్పడానికి వరస దొరకలేదు. నేను టోపీ కొనుక్కున్నాను. మా ఆయన ఐస్‌క్రీం బండి అన్నప్పుడల్లా కసిరేదాన్ని. ఆ వసంతంలో ఆవిడే నాకు డ్రైవింగ్ నేర్పింది, ఆ కారులోనే. క్లచ్చి వదలడం రాక నేను కారును కప్పలా గెంతిస్తుంటే "మెల్లగ, మెల్లగ, లోపల గదిల నడిసినట్టు" అనేది. పాసయ్యాక ఇన్సూరెన్సులో నా పేరు కూడా వేయించింది.

ఆ వేసవి చివర్లో ఆవిడకు రక్తంలో జబ్బని తేలింది. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరగడమే పనైంది. "కారు నిలవెట్టకు, బ్యాటరీ సస్తది. రోజు నువ్వే తీస్కపో" అని తాళాలు నా చేతికిచ్చింది. తీసుకెళ్ళాను. కప్పు మాత్రం తీయలేదు. ఒక్కదాన్నే ఉంటే ఆ కాపడాలూ, కొక్కేలూ, ఆ చలీ ఎందుకు చెప్పండి? ఆదివారాలు ఆసుపత్రికి వెళ్తే మొదటి ప్రశ్న అదే.

"కప్పు తీస్తున్నవా?"

"తీస్తున్నా ఆంటీ."

"సలి పెడుతున్నదా?"

"చంపేస్తోంది."

ఆ మాటకు ఆవిడ మొహం విప్పారేది. ఆవిడ మనసు నెమ్మదించడానికి చెప్పాను. ఆ విద్య ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

జనవరి ఆఖర్లో ఇంటికి పంపేస్తున్నాం అన్నారు. ఇంక చేసేదేమీ లేదు, ఇంట్లో నెమ్మదిగా ఉండనివ్వండని దాని అర్థం. ఆ అర్థం ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు, తెలియనట్టు నటించాను. కూతురు గాల్వే నుంచి మర్నాడు వస్తానంది. నేను సెలవు పెట్టి ఆ కారులోనే వెళ్ళాను.

అటువంటి రోజు ఐర్లండులో ఏడాదికి నాలుగు వస్తాయేమో. చలి కొరికేస్తోంది గానీ వాన చుక్క లేదు. ఆకాశం నీలంగా, మచ్చ లేకుండా ఉంది. చక్రాల కుర్చీలో గుమ్మం దాకా వచ్చి, ఆకాశం చూసి, కారును చూసి, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"పది నిమిషాలే బిడ్డా. లూకన్ దాటినంక తియ్యి. ఇంటిదాక, గంతే."

వెనక నిలబడ్డ నర్సు, మా మాటలు అర్థం కాకపోయినా, ఆవిడ అడుగుతున్నదేమిటో గ్రహించింది. ఫరవాలేదు, బాగా కప్పి తీసుకెళ్ళండి, పది నిమిషాలకు ఏమీ కాదు అంది. నర్సు ఒప్పుకుంది. ఒప్పుకోనిది నేను.

"అమ్మో, వద్దు ఆంటీ! చలిగాలి తగిలిందంటే ఇంకేమన్నా ఉందా? మార్చి రానివ్వండి. కాస్త ఎండ వచ్చాక రోజూ తిప్పుతాను, నా మాట వినండి."

"మార్చి" అంది ఆవిడ. ఆ ఒక్క మాటే అని, నా మొహంలోకి చూసింది. తర్వాత "నీ ఇష్టం బిడ్డా" అంది.

మా ఇళ్ళలో జబ్బుమనిషికి గాలి తగలకూడదు. బాలింతకు గాలి తగలకూడదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీలకు గొళ్ళెం. అదే మాకు తెలిసిన ప్రేమ. నా చేతుల్లో ఒకటి పోయింది, ఇంకొకటి పోనివ్వనని నాలో ఏదో మొండికేసింది. ఆవిడ చెవుల్లో దూది పెట్టాను. మంకీ క్యాప్ తొడిగాను, మూతికి మాస్కు పెట్టాను, చేతులకు గ్లవ్స్ వేశాను, మెడ దాకా శాలువా చుట్టాను. కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. కారులో కూర్చోబెడితే ఆ చిన్నద్దంలో తనను చూసుకుని నవ్వింది.

"షిఫ్టుకు పోతున్నమా ఏంది?"

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో, ఆ మాట నాకు అప్పుడే ఎందుకు తగల్లేదో తెలియదు. ఆవిడ జీవితమంతా విప్పి పారేద్దామని చూసిన ఆ ముసుగును నా చేతులతో మళ్ళీ నేనే తొడిగాను. ఇది నాకు అర్థమయ్యేసరికి ఆవిడ లేదు.

కారు కదిలాక ఎదుట ఉన్న కొక్కెం మీద వేలు పెట్టి కదిపి చూసింది. కదల్లేదు. "బిగుసుకున్నది" అంది. ఆదివారం ఆదివారం నేను చెప్పిన అబద్ధాలన్నీ ఆ ఒక్క వేలితో పట్టేసింది. నేను రోడ్డు మీదే కళ్ళు పెట్టుకుని నడిపాను. ఎం ఫిఫ్టీ మీద వేగం పెరిగేసరికి పైన బట్ట టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఆవిడ మెల్లగా కుడిచేతి గ్లవ్ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి ఎత్తి, అరచేయి కప్పుకు ఆనించింది. బట్టకు అవతల గాలి, ఇవతల ఆవిడ చెయ్యి. ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి దించలేదు. బలం లేని చెయ్యి, మధ్యలో ఎడమచేత్తో మోచేతిని ఊతం పట్టుకుంది గానీ దించలేదు. నేను చూస్తూనే ఉన్నాను. లూకన్ దాటింది. రోడ్డు పక్కన ఎక్కడైనా ఆపి రెండు కొక్కేలు తీస్తే సరిపోయేది. ఆపలేదు.

మార్చికి ఇంకా పది రోజులుందనగా పోయింది.

దహనం అయ్యాక ఇంటికి వచ్చాం. నలుగురైదుగురమే. కూతురు టీ పెట్టింది. ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు వింటే అర్థమవుతుంది, మాట మాత్రం అచ్చమైన ఐరిష్ ఇంగ్లీషు. గ్లాసులు ప్రెస్‌లో ఉన్నాయంది. వంటింటి అలమారను ఇక్కడి వాళ్ళు అట్లాగే అంటారు. గ్లాసులు తీస్తుంటే నా పక్కకొచ్చి నిలబడింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సాయంత్రం అమ్మ నాకు ఫోన్ చేసింది అంది. దారి పొడుగునా కప్పు తీసే తెచ్చావటగా. చెవులు గడ్డకట్టాయని, విమానం ఒకటి సరిగ్గా నెత్తిమీద దిగిందని, చిన్నపిల్లలా నవ్వుతూ చెప్పింది. ఆ రాత్రి నీ మీద నాకు ఎంత కోపమొచ్చిందో! కప్పు తీసి తిప్పమని అక్టోబరు నుంచి నన్ను అడుగుతూనే ఉంది, వచ్చిన ప్రతిసారీ నేను కాదన్నాను. ఇప్పుడనిపిస్తోంది, నేను చేయలేనిది నువ్వు చేశావని. లేకపోతే ఈ బాధతో నేను బతకలేకపోయేదాన్ని.

ఇదంతా ఇంగ్లీషులో చెప్పి, చివర "థాంక్స్ అక్కా" అని నన్ను పట్టుకుని ఏడ్చింది.

నిజం నా నోటి దాకా వచ్చింది. నాలుక చివర నిలబడింది. ఆ పిల్ల వీపు నిమురుతూ నిలబడ్డాను. గ్లాసు చేతిలోనే ఉంది. ఏం చెప్పను? నేనూ కాదన్నానని చెబితే, వాళ్ళమ్మ వెళ్తూ వెళ్తూ ఆ పిల్లకు మిగిల్చిన ఆ ఒక్క సుఖాన్ని లాక్కున్నదాన్నవుతాను. ఫోన్ పట్టుకుని, ఆ ఊపిరాడని గొంతుతో, విమానంతో సహా ఎంత చక్కగా అల్లిందో తల్లి! నన్ను కాపాడింది, కూతుర్ని కాపాడింది. తనకు మాత్రం అరచేతి మేర బట్ట దక్కింది.

వెళ్తూ కారు తాళాలు నాకే ఇచ్చింది ఆ పిల్ల. కప్పు తీసి నడిపే దానివి నువ్వే కదా అంది.

ఇది రెండో చలికాలం. రోజూ ఆరింటికి వేణ్ణీళ్ళ సంచి పట్టుకుని వెనక అద్దానికి కాపడం పెడతాను. చీపురుతో మంచు ఊడుస్తాను. కొక్కేలకు నూనె వేశాను, ఇప్పుడు వేలితో తోస్తే ఊడొస్తాయి. వీధిలో వాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. ఎందుకమ్మా ఈ చలిలో అని ఎవరైనా అడిగితే, ఆవిడంత నేర్పు లేదు గానీ, ఏదో ఒకటి చెబుతాను. ఎం ఫిఫ్టీ మీద కొన్నిసార్లు అరుస్తాను కూడా. తోడు అరిచేవాళ్ళు లేక సిగ్గేస్తుంది, నిజమే.

ఆ పిల్ల అప్పుడప్పుడు ఫోన్ చేసి అమ్మ కారు ఎలా ఉందని అడుగుతుంది. ఆ రోజు అమ్మ ఏమేం మాట్లాడింది, మళ్ళీ ఒకసారి చెప్పవా అంటుంది. చెబుతాను. చెవులు ఎర్రబడ్డాయని, విమానం దిగిందని చెబుతాను. ప్రతిసారీ ఇంకో చిన్న ముచ్చట చేరుస్తాను.

ఆ పిల్లకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు నేను కప్పు తీయలేదు.